చిల్లుల గొట్టం

“ఒసే నూకాలూ, బుట్ట బరువుకి సిమెంటు ముక్క కలిపినావేటే?”

“సిమెంటు కాదు పిన్నీ, గుల్లే. రాళ్ల పక్క ఇసకలో నిలువునా దిగబడి ఉన్నాది. నా సేత్తోనే తవ్వినాను.”

“నలబై ఏళ్లుగా గుల్ల కాలుస్తన్నాను. నాకు సెప్తావా?”

2012లో, శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డున, మా సున్నపు బట్టీ ముందు మేమిద్దరం పడిన తగువు ఇది. మిగతా ఆడవాళ్లు బుట్టలు దించుకుని వింటున్నారు.

మాది గుల్ల సున్నం పని. ఒడ్డున ఏరిన గుల్లల్ని బొగ్గుతో వరసలుగా పేర్చి కాలుస్తాం. కాలిన గుల్ల మీద నీళ్లు చల్లితే బుసబుసా పొంగి తెల్లటి పిండవుతుంది. రాయి అలా పొంగదు. తాంబూలం వేసుకునేవాళ్ల పంటి కింద పడుతుంది. అందుకే బుట్టలో రాయి కలిపిందన్న పేరు పడిన మనిషి దగ్గర ఈ ఒడ్డున ఏ బట్టీవాళ్లూ గుల్ల తీసుకోరు. నూకాలుకి మరో పని లేదు. ఆ సంగతి తెలిసే ఆ మాట అన్నాను.

ఆమె బుట్టలో నాకు కనబడింది జానెడు గొట్టం. ఒళ్లంతా ఇసుక అతుక్కుని గరుగ్గా ఉంది. ఒక కొన, మొక్కలకు నీళ్లు పోసే డబ్బా మూతిలా చిల్లులు పడి ఉంది. గుల్లంటే రెండు చిప్పలుండాలి కదా అని నా పట్టు. నూకాలు గొట్టం పక్కన గోటితో గీకి ఏదో చూపించబోయింది.

“నువ్వే సూడు పిన్నీ” అంది.

నేను చూడలేదు. ఆమె మాకు గుల్ల తెస్తున్న ఇరవై ఏళ్లలో ఎన్నడూ ఆమె బుట్టలో చెయ్యి పెట్టి వెతకనిదాన్ని, ఆ రోజు అందరి ముందూ బుట్టను ఇసుకలో బోర్లించేశాను. మళ్లీ ఏరుకోమన్నాను. ఆమె వంగి ఒక్కొక్కటే ఏరి ఇచ్చి, ఇంటికి వెళ్లిపోయింది.

గొట్టాన్ని మాత్రం నేను పారేయలేదు. ఆమె అబద్ధం తేల్చాలని సాయంత్రం బట్టీ పేర్చేటప్పుడు దాన్ని పై వరసలో ఒక మూల పెట్టాను.

తెల్లారి, బట్టీ చల్లారాక తీశాను. ఇసుక రాలిపోయింది. చిల్లుల కొనకు కాస్త పైన, చిటికెనవేలి గోరంత చిప్పలు రెండు, విచ్చుకున్న రెక్కల్లా గొట్టానికి అతుక్కుని ఉన్నాయి. ఆమె చూపించబోయింది వాటినే. సొట్టకంచంలో పెట్టి నీళ్లు చల్లాను. పొంగింది. రెక్కలతో సహా తెల్లటి పిండైపోయింది. నేను ఎరగనిది గుల్లే కాదనుకున్నాను.

ఆడవాళ్లు బుట్టలతో వచ్చారు. నూకాలూ వచ్చింది. కంచం పట్టుకుని అందరూ వినేలా చెప్పాను.

“నూకాలు తెచ్చింది గుల్లే. తప్పు నాదే.”

ఆమె కంచంలోకి ఒకసారి చూసింది. తలమీంచి బుట్ట దించి, నేనేమీ అడగకుండానే దాన్ని ఇసుకలో బోర్లించి, పక్కకు జరిగి నిలబడింది.

“సూసుకోండి అమ్మగారూ” అంది.