ఏదుముళ్లు దిగిన పొద్దున

మా కందిచేను గిద్దలూరుకు అవతల, అడవి అంచున వంకను ఆనుకుని ఉంటుంది. నాయన, నేను, పాతిక మేకలు, వాటికి కాపలాగా ఒక ఎర్ర కుక్క. నాయనకు చేతులు వణికే జబ్బు వచ్చినప్పటి నుంచి మేకల పనంతా నాదే. కుక్క మాత్రం ఆయనదే. ఆయన పెడితేనే తినేది.

ఆ రోజు పొద్దెక్కాక మేకలను వంకలోకి దింపాను. గట్టు కింద ఒక బొరియ ఉంది. కుక్క దాని ముందు వాసన చూసి, గబగబా మట్టి తవ్వి, తల లోపలికి దూర్చింది. నేను అదిలించేలోపే లోపల గలగలమని చప్పుడు, వెంటనే కుక్క కేక. అది వెనక్కి దూకింది. మూతి నిండా నలుపు తెలుపు ముళ్లు. ఒకటి ఎడమ కంటికి రెండు వేళ్ల దూరంలో దిగింది. ముందుకాళ్లతో మూతి గీరుకుంటుంటే ముళ్లు ఇంకా లోపలికి పోతున్నాయి.

తలకు చుట్టుకున్న తువ్వాలుతో దాని కాళ్లు కట్టి, ఎత్తుకుని గట్టెక్కాను. నాయన పక్కనే నేల మీద కూర్చుని దాని మూతి చూశాడు.

"ఏదుపందిని కెలికినట్టుంది పాపా," అన్నాడు.

పక్క చేలో ఉన్న పెద్దనాయన పరుగెత్తుకొచ్చాడు. "ముల్లు సగానికి కత్తిరించు. లోపల గాలి పోయి అదే వదులైతాది. మేము అట్లనే చేసేవాళ్లం."

ఆయన మాట విని కత్తెర తెచ్చి ఒకటి కత్తిరించాను. ముల్లు నిలువునా చీలింది. మిగిలిన మొదలును పట్టుకోబోతే పట్టు దొరకక చర్మం కిందికి జారిపోయింది. కుక్క అరుపుకు మేకలు చెల్లాచెదురయ్యాయి. కత్తెర విసిరేశాను.

"ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. డాక్టర్ దగ్గరికి తీసకపోతా."

"కుక్కకు డాక్టరేందమ్మా?" అన్నాడు పెద్దనాయన. "బతికితే బతుకుతాది."

నాయన లేచి వెళ్లి మా మోటారు సైకిల్ వెనక కూర్చుని, కుక్క కోసం చేతులు చాచాడు.

మేకలను పెద్దనాయనకు అప్పగించి, కుక్కను గోనెపట్టాలో చుట్టి నాయన ఒళ్లో పెట్టాను. గిద్దలూరు పశువుల ఆసుపత్రికి పోతే, డాక్టరమ్మ గొర్రెలకు టీకాలు వేయడానికి కొండ కింద పల్లెకు పోయిందన్నారు. సాయంత్రం దాకా రాదట.

"ఆడికే పోదాం," అన్నాడు నాయన.

అంతా మట్టిదారి. ప్రతి గుంతకూ కుక్క మూలిగేది. అద్దంలో చూస్తే నాయన దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ గొర్రెల దొడ్డి మధ్యలో నిలబడి ఉంది. కుక్కను చూసి చేతిలో పని ఆపి వచ్చింది.

"ఎవరు కత్తిరించినారు?"

"నేనే మేడం."

"ఇంకెప్పుడూ ఆ పని చేయొద్దు. కత్తిరిస్తే వదులు కావు, చీలి లోపలే ఉండిపోతాయి."

మత్తుసూది వేసింది. కాసేపటికి కుక్క ఒళ్లు మెత్తబడింది. నేను తల కదలకుండా పట్టుకున్నాను. ఒక్కో ముల్లునూ చర్మానికి దగ్గరగా పటకారుతో పట్టి, దిగిన దారినే నేరుగా లాగింది. నోరు తెరిచి చూస్తే నాలుక కింద ఇంకొకటి. నేను కత్తిరించిన దాని కోసం మాత్రం చర్మం కోసి వెతకవలసి వచ్చింది. అంతసేపూ నేను తల తిప్పుకోలేదు. నా చేతులతో చేసింది నేను చూడవలసిందే అనిపించింది.

కన్ను దక్కింది. నాలుగు రోజులు నాయన సజ్జ జావ కాచి పోశాడు. కుక్క మూతి వాపు తగ్గింది.

"ఆ బొరియకు ఉచ్చు పెడదాం," అన్నాడు పెద్దనాయన.

"వద్దు పెద్దనాయనా. దాని పాటికి అది లోపల పడుకొనుంది. మనమే పోయి కెలికినాం."

అప్పటి నుంచి మేకలను వంకలోకి దింపడం మానేసి, మిట్ట మీదుగా తోలుకుపోతున్నాను. నడక ఎక్కువే, రాళ్లదారి. కుక్కకు మాత్రం బుద్ధి రాలేదు. గాలి వంక వైపు నుంచి తిరిగిందంటే ముక్కు పైకెత్తి అటే లాగుతుంది. అందుకే దాన్ని తాడుతో పట్టుకుని నడుస్తాను. మొన్న ఒక్క ఊపున లాగితే బోర్లా పడి మోకాలు దోక్కుపోయింది. లేచి, తాడును మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకుని, మేకల వెనక నడిచాను.