వంటావార్పులో ఇంకో విస్తరి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నల్లగొండ నుంచి వస్తుంటే ఎల్బీనగర్‌లో మా బస్సు ఆగిపోయింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నా పక్కన ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి ఉంది. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు; బ్యానర్ మీద ఏముందని అడిగింది. ముసలితనంలో నేర్చిన అక్షరాలు కూడబలుక్కుని, "మా యాసను ఎక్కిరిస్తే ఊకోం" అని చదివాను.

అంతలో వెనక సీటాయన ఆమె రంగు మీద ఏదో అని నవ్వాడు.

"నీ యాసను నవ్విన్రనే గద వీళ్లు రోడ్డెక్కిన్రు. ఈ పిల్ల రంగును నువ్వెట్ల నవ్వుతవ్?" అన్నాను. ఆయన చిన్నబోయాడు.

"దా బిడ్డా, తిందాం" అని ఆమెను పిలిచాను.

"వద్దమ్మా. ధర్నాలో కనిపిస్తే నా వీసా పోతుంది. మీరు వెళ్లండి. అంచున కూర్చోండి. తోపులాట మొదలైతే పక్క సందులోకి వెళ్లిపోండి. మా దేశంలో రంగు వివక్ష మీద కొట్లాడినప్పుడు మా అమ్మ అట్లే చేసింది."

అప్పటిదాకా ఆ జాగ్రత్త నాకెవరూ చెప్పలేదు. దిగి, అంచునే కూర్చున్నాను. బస్సులో ఉన్న పిల్లకని ఇంకో విస్తరి అడిగాను. నేను లేచేలోపే, నా వెంటే బస్సు దిగిన వెనక సీటాయన దాన్ని అందుకున్నాడు.

"నువ్వు కూసో పెద్దమ్మా, నేనిచ్చొస్త. పప్పుల జర కారమెక్కువైంది, నీళ్లు గూడ తీస్కపోత."