కిటికీ పక్క మంచం

ఈ రోజు మధ్యాహ్నం ఆదిలాబాద్‌లో, ఒకప్పటి జాగీర్దారు బంగళాను మార్చి పెట్టిన పెద్ద హోటల్లో దిగాం. మెత్తటి తివాచీలు, మన అడుగు మనకే వినపడనంత నిశ్శబ్దం. నాకిది మొదటిసారి. మా ఆయనకు రెండోసారి. అప్పుడు ఆయన వెంట వచ్చింది మొదటి భార్య. ఆ ఏడాదే దగ్గుతో పోయింది. రెండో పెళ్ళికి ఉన్న ఆచారం ప్రకారం, మా పెళ్ళిలో ఆమె పేర చేయించిన బంగారు బిళ్ళను నా మెడలో కట్టారు.

గదులు ఊడ్చే ముసలమ్మకు చూపు సరిగా ఆనదు. కొంగు కప్పుకున్న నన్ను చూసి ముఖమంతా నవ్వింది.

“మల్ల వచ్చినవా దొరసాని! గా కిటికి కాడి మంచమే గద నీకు? దగ్గు తక్కువైందా?”

మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

“తక్కువైందవ్వా, మంచిగున్న” అన్నాను.

ముసలమ్మ ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి వెళ్ళింది.

“గట్లెందుకన్నవ్?” అని ఆయన మెల్లగా అడిగారు.

“పోయినామె మంచిగున్నదని ఒక్కరన్న సంబురపడనీయుండ్రి.”

ఇప్పుడు చీకటి పడుతోంది. ఆమె బదులు జవాబైతే చెప్పాను గానీ, ఆమె మంచం మీద పడుకునే ధైర్యం చాలడం లేదు. మీరైతే పడుకుంటారా?