ఫైనల్ చూడటానికి వెళ్ళిన శనివారం

ఆ ఏడాది మా ఇంట్లో ఎవరికీ నిద్ర సరిపోయేది కాదు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లోని తేదీలన్నీ సరిచేయాలని మావారు పనిచేసే బ్యాంకులో ఒకటే హడావిడి. వెనకటి వాళ్ళెవరో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసి చేతులు దులుపుకుని పోయారనీ, ఆ దుమ్మంతా ఇప్పుడు తాము ఊడవాల్సి వస్తోందనీ ఆయన అనేవారు. శనివారం, ఆదివారం అన్న తేడా పోయింది. నేను సాయంత్రాలు మా బ్లాకులోని పిల్లలకి భోజనాల బల్ల దగ్గరే లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని. ఆఖరి పిల్ల వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయేది. కాకినాడ నుంచి దేశం దాటి ఈ హౌగాంగ్ వచ్చి కొన్నేళ్ళైనా, గుడికీ సరుకులకీ తప్ప నలుగురం కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు.

అలాంటి రోజుల్లో ఒకసారి మా అబ్బాయి అన్నం తింటూ ఫైనల్ సంగతి చెప్పాడు. వాడు అప్పుడు జూనియర్ కాలేజీలో రెండో ఏడు. మొదటి ఏడాదంతా ఫుట్‌బాల్ జట్టులో పేరుండి బెంచీ మీద కూర్చున్నవాడు, ఈసారి ఎడమవైపు డిఫెండర్‌గా ఆడుతున్నాడు. ఫైనల్ పడమటి వైపు కాలేజీతోననీ, జురాంగ్ ఈస్ట్ స్టేడియంలో వచ్చే శనివారం మధ్యాహ్నమనీ, కాలేజీకి కాలేజీయే డప్పులు పట్టుకుని వస్తుందనీ, చాలామంది అమ్మానాన్నలు కూడా వస్తారనీ చెప్పాడు. మమ్మల్ని రమ్మని మాత్రం అడగలేదు. తినడం అయిపోయినా కంచం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. మావారు తలెత్తి వాడి వైపు చూసి, "అందరం వస్తాం లే" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. అంతకుముందు రోజే ఆయన, తన పుట్టినరోజు ఎప్పుడు వచ్చి వెళ్ళిందో కూడా గుర్తులేదని అన్నారు.

ఆ రెండు కాలేజీల మధ్య ఉన్నదేమిటో మాకు తెలియజెప్పింది మా వరసలో చివరి ఫ్లాట్‌లో ఉండే అంకుల్. వాళ్ళ తాతగారు ఎప్పుడో విశాఖ వైపు నుంచి రేవులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అంకుల్ బస్సుల కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తెలుగులో తమిళం, మలయ్ కలగలిసిపోయి ఉండేవి. తిన్నారా అని అడగాలంటే "మకాన్ అయ్యిందా అమ్మా" అనేవారు. వాళ్ళబ్బాయి చదివింది ఆ పడమటి కాలేజీలోనే. అప్పటినుంచీ ఆ రెండు జట్లూ తలపడితే ఈయన వెళ్ళకుండా ఉండలేదట.

"ఇది మామూలు ఆట కాదమ్మా," అన్నారు మా గుమ్మంలో నిలబడి. "ఏడాదంతా ఓడినా పరవాలేదు, ఈ ఒక్కటీ గెలవాల. నా కోడలు మీ అబ్బాయి కాలేజీలో చదివింది. ఈ మ్యాచి ఉన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగదు."

మమ్మల్ని తీసుకువెళ్ళే బాధ్యత తనదేనన్నారు. అప్పటికి హౌగాంగ్‌కి ట్రైన్ రాలేదు. బస్సులో ఆంగ్ మో కియో వరకు వెళ్ళి అక్కడ ట్రైన్ ఎక్కాలి. ఊళ్ళోంచి వెళ్తే దగ్గరని మావారు, ఉత్తరంగా వుడ్‌లాండ్స్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్తే సుఖంగా కూర్చుని పోవచ్చని అంకుల్. ఈ చర్చ మూడు నాలుగు రోజులు సాగింది. ఎందుకంటే మావారు ఇంటికొచ్చే వేళకి అంకుల్ పడుకునేవారు, అంకుల్ లేచే వేళకి ఈయన వెళ్ళిపోయేవారు. ఒకరి మాట ఒకరికి చేరవేయడం నా వంతైంది. చివరికి బస్సులు నడిపించిన మనిషి మాటే నెగ్గింది.

మావారు తన మేనేజరుని శనివారం సెలవు అడిగారు. కొడుకు ఆట అనగానే ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడట. బుధవారానికల్లా ఆ సంతోషం పోయింది. ప్రోగ్రాముల పరీక్ష ఒకటి శనివారానికి మార్చారు. మావారు బూట్లు విప్పుకుంటూ ఆ మాట చెప్పారు. నేనూ అమ్మాయీ అంకుల్‌తో వెళ్ళొస్తాంలెండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆఫీసులో ఒక హైదరాబాదీ స్నేహితుడిని బతిమాలి, ఆ శనివారం తన బదులు ఆయన వచ్చేలా మాట్లాడుకున్నారు.

శనివారం నేను పులిహోర కలిపాను, పెరుగన్నం డబ్బాకెత్తాను. అబ్బాయి పొద్దున్నే కాలేజీ బస్సులో వెళ్ళాడు. అంకుల్ మాకు సీట్లు చోప్ చేస్తానని ముందే బయల్దేరారు. ఇక్కడ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే చాలు, అది మనదైపోతుంది. మేము ఆంగ్ మో కియో చేరేసరికి ఆకాశం నల్లబడిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఉండగా మావారి ఫోన్ మోగింది. అంకుల్ స్టేడియం దగ్గర బూత్ నుంచి చేశారు. జురాంగ్‌లో పిడుగులు పడుతున్నాయనీ, మ్యాచ్ వచ్చే శనివారానికి వాయిదా వేశారనీ చెప్పారు. ఎదురుగా వచ్చిన ట్రైన్ ఎక్కకుండా వెనక్కి తిరిగాం. ఇంటికొచ్చి, వెళ్ళడానికి కట్టుకున్న బట్టలతోనే బల్ల దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం.

"సో సియాన్ లా, అమ్మా," అంది మా అమ్మాయి. అది అప్పుడు ప్రైమరీలో ఉండేది. ఇక్కడి పిల్లలు విసుగొచ్చినా, అలసట వచ్చినా, రెండూ కలిసి వచ్చినా ఆ ఒక్క మాటే అంటారు. ఆ వేళ నాకు దాన్ని తెలుగులో మాట్లాడమని చెప్పాలనిపించలేదు.

మళ్ళీ వారమంతా మొదటినుంచీ మొదలు. ఈసారి హైదరాబాదీ స్నేహితుడికి తీరిక లేదు. శుక్రవారం పొద్దున వెళ్తూ మావారు, ఆ రాత్రి పని కూడా ముగించుకుని శనివారం ఖాళీ చేసుకుంటానన్నారు. చెప్పినట్టే, నేను పులిహోరకి తాలింపు వేస్తుండగా తలుపు తీసుకుని వచ్చారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ ముందు రెండు రోజులు కూడా ఆయన సరిగ్గా పడుకున్నది లేదు.

"మీరు పడుకోండి. మేము వెళ్ళొస్తాం. వాడేమీ అనుకోడు," అన్నాను.

"పడుకుంటే మళ్ళీ లేవను. స్నానం చేసి వస్తా, నువ్వు కాఫీ పెట్టు," అన్నారు.

గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు తయారయ్యారు. బస్సులో ఆయనకి సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడే కునికారు. ట్రైన్‌లో కూర్చోగానే అమ్మాయి భుజం మీదికి ఒరిగిపోయారు. అది బరువు మోయలేక నా వైపు చూసింది. మేమిద్దరం చోట్లు మార్చుకున్నాం. వుడ్‌లాండ్స్ దాటాక కిటికీలోంచి అవతల నీళ్ళు కనిపిస్తాయని అంకుల్ మరీ మరీ చెప్పి పంపారు. నేను చూడటం మరిచిపోయాను. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి.

స్టేడియంలో ఒకవైపు పసుపు చొక్కాలు, ఒకవైపు ఎర్రచొక్కాలు. పసుపు మనది. అంకుల్ మా వైపే, పైవరసలో, టిష్యూ ప్యాకెట్లు పెట్టిన సీట్ల మధ్య కాపలా కూర్చుని ఉన్నారు. ఈ ఒక్క రోజుకీ తను పసుపేనని, ఈ సంగతి వాళ్ళబ్బాయికి చెప్పొద్దని అన్నారు. డప్పులు చెవుల్లో మోగుతున్నాయి. మైదానంలోకి వచ్చినప్పుడు మా అబ్బాయి మా వైపు చూసి ఒక్కసారి చెయ్యెత్తాడు. మావారు లేచి నిలబడి రెండు చేతులూ ఊపారు. నాకు బాగా గుర్తు, ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా నెలలైంది.

ఆట మొదలైన కాసేపటికే ఆయన నిద్రపోయారు. తల నా భుజం మీద పడింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. ముందు వరసలో డప్పు కొట్టే పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసి, నవ్వాపుకుని, మళ్ళీ కొట్టింది. సగం ఆట అయ్యాక విరామంలో లేపాను. "చూస్తూనే ఉన్నా," అని మళ్ళీ అదే చోట తల పెట్టుకున్నారు. ఇంక లేపబుద్ధి కాలేదు.

ఎర్రచొక్కాల వాళ్ళు ఒక గోల్ వేశారు. అంకుల్ చేతులు చప్పట్లకి వాటంతటవే లేచాయి. సగంలో గుర్తొచ్చి వాటిని ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ తర్వాత మనవాళ్ళు ఒకటి వేసి సమం చేశారు. చివర్లో మాత్రం ఒక పెద్ద అవకాశం వాళ్ళకే వచ్చింది. మన గోల్‌కీపర్ పడిపోయాడు, బంతి ఖాళీ గోల్‌లోకి దొర్లిపోతోంది, మా అబ్బాయి ఎక్కడినుంచో పరిగెత్తుకు రావడం కనిపించింది. అంతలో మా ముందున్న వాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. నేను లేస్తే ఈయన తల బెంచీకి కొట్టుకుంటుంది. అలాగే కూర్చుండిపోయాను. పసుపు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. బంతి గీత దాటకముందే అన్నయ్య దాన్ని బయటికి తన్నేశాడని మా అమ్మాయి గెంతుతూ చెప్పింది. మా వాడి ఆటలో అందరూ మెచ్చుకున్న ఘట్టం అదేనని తర్వాత విన్నాను.

ఆట సమంగా ముగిసింది. పెనాల్టీ కిక్కులు మొదలయ్యాయి. అప్పుడు అంకుల్ వంగి నాతో మెల్లగా, "మీవాణ్ణి పిలుస్తున్నారమ్మా. సార్‌ని లేపు," అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకుని కదిపాను. ఊఁ అన్నారు, కళ్ళు తెరవలేదు. ఇంకాస్త గట్టిగా కదపబోయి మైదానం వైపు చూశాను. అబ్బాయి బంతిని నేల మీద పెడుతున్నాడు. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. చొక్కా కొసతో ముఖం తుడుచుకున్నాడు. వాడు పరిగెత్తి తన్నాడు. బంతి పోస్టుకి తగిలి బయటికి పోయింది. తర్వాత వచ్చిన ఎర్రచొక్కా కుర్రాడు గురి తప్పలేదు. అంతటితో అయిపోయింది.

మా వైపు డప్పులు ఆగిపోయాయి. అంతసేపూ ఆ మోతకి కదలని మనిషి, ఆ నిశ్శబ్దానికి మేలుకున్నారు.

"అయిపోయిందా? గెలిచామా?" అన్నారు.

ఓడిపోయామనీ, మన ఆఖరి కిక్ కొట్టి గురి తప్పింది మనవాడేననీ చెప్పాను. ఆయన మైదానం వైపు చూశారు. అబ్బాయి గడ్డి మీద మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. జట్టులో పిల్లలు వీపు తట్టి పోతున్నారు, వాడు తలెత్తడం లేదు. మావారు చొక్కా సర్దుకుని, మెట్లు దిగి, కంచె దగ్గర నిలబడ్డారు. నేను, అమ్మాయి వెనకే వెళ్ళాం. చాలాసేపటికి వాడు లేచి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"చూశావా నాన్నా?" అన్నాడు.

ఏదో ఒకటి సర్దిచెప్తారనుకున్నాను. చూశానంటారనీ, బాగా ఆడావంటారనీ అనుకున్నాను.

"లేదురా," అన్నారాయన. "నిద్రపోయాను. మొదలెట్టిన కాసేపటికే పోయాను. మీ అమ్మని అడుగు."

వాడు ఆయన ముఖంలోకి చూశాడు. ఎర్రబడ్డ కళ్ళు, చెంప మీద నా చీర జరీ అచ్చు. వాడు నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత కంచె పట్టుకుని వంగిపోయి నవ్వాడు.

"గుడ్ లా," అన్నాడు. "స్టేడియం మొత్తంలో నువ్వొక్కడివే చూడలేదు."

కాలేజీ బస్సులో వెళ్ళకుండా వాడు మాతోనే వచ్చాడు. అంకుల్ ఎర్రచొక్కాల వైపు పాతవాళ్ళెవరో కనిపించారని అక్కడే ఉండిపోయారు. వెళ్ళేముందు వాడి చెయ్యి పట్టుకుని, తను చూసిన ఇన్ని ఆటల్లో గీత మీంచి బంతిని అలా తీసినవాళ్ళు తక్కువని చెప్పారు. వాడు తల ఊపాడే గాని నమ్మినట్టు లేదు. ట్రైన్‌లో తండ్రీ కొడుకులు పక్కపక్కనే కూర్చున్నారు.

హౌగాంగ్‌లో బస్సు దిగాక ఎవరికీ ఇంటికి వెళ్ళాలనిపించలేదు. పులిహోర డబ్బా సగం అలాగే ఉన్నా, మా బ్లాకు కింది తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో కూర్చున్నాం. అబ్బాయి రెండు ప్లేట్ల నూడుల్స్ తిన్నాడు. తినడం అయ్యాక మావారు కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇప్పుడు మొదటినుంచి చెప్పు. నిద్ర రావడం లేదు," అన్నారు.

వాడు మొదట ఏముంది చెప్పడానికి అన్నాడు. తర్వాత సాస్ గిన్నెలు, చాప్‌స్టిక్స్ బల్ల మీద పేర్చి మైదానం చేశాడు. ఎవరెక్కడ నిలబడ్డారో, వాళ్ళ ఫార్వర్డ్ ఎటు తిరిగి మోసం చేశాడో ఒక్కొక్కటీ చూపించాడు. గీత మీద బంతిని తన్నిన చోటు వచ్చేసరికి నేనూ ముందుకు వంగాను. నేను చూడనిదంతా అప్పుడే తెలిసింది. తన కిక్ దగ్గరికి వచ్చాక వాడు ఆగుతాడనుకున్నాను, ఆగలేదు.

"ఎడమవైపు కొట్టా నాన్నా. పోస్టుకి తగిలింది."

"గట్టిగానే కొట్టావా?"

"గట్టిగానే."

ఆయన బల్ల మీది ఆ మైదానాన్ని చూశారు. "సరేలే," అన్నారు. వాడు గిన్నెలన్నీ దగ్గరకి చేర్చి, ట్రేలో పెట్టి, లేచాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మావారు నిన్నటి ఇస్త్రీ చొక్కానే మళ్ళీ తొడుక్కుని వెళ్ళారు. అబ్బాయి చాలా పొద్దెక్కేదాకా లేవలేదు. నేను మాసిన బట్టలు మెషీన్‌లో వేసి, మధ్యాహ్నం ట్యూషన్‌కి వచ్చే పిల్లల కోసం బల్ల తుడిచాను.