మందుల పిన్ని దాచిన రెండు మాటలు

మందుల షాపు నడిపినంత కాలం వీధి వీధంతా ఆవిడను పిన్నీ అనే పిలిచింది. కౌంటరు దగ్గర విన్న మాట ఇంకొకరి చెవిన వేయకపోవడం ఆవిడ పద్ధతి. "ఎదురింటావిడ ఏం కొనుక్కెళ్లిందే అక్కా?" అని సొంత చెల్లెలు గుచ్చి గుచ్చి అడిగినా, "సంచి నిండా ఏదో పట్టుకెళ్లింది" అని నవ్వేసేది.

ఆ పద్ధతికి పరీక్ష పెట్టింది బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే అమ్మాయి. పెళ్లయి ఏడాది. పిల్లలు పుట్టకుండా ఐదు నెలలుగా మాత్రలు మింగుతోంది, మొగుడికి తెలియకుండా. ఒక మధ్యాహ్నం వాటితోపాటు తలనొప్పి బిళ్ల కూడా అడిగింది.

"తలనొప్పి ఎప్పట్నుంచి?"

"నెల్నుంచి పిన్నీ. వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు. సూదిలోకి దారం కూడా ఎక్కించలేను."

పిన్ని చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. అలాంటి తలనొప్పి ఉన్నవాళ్లకు ఈ మాత్రలు ప్రాణం మీదికి తేవచ్చు.

"ఇవి ఇవ్వను. వెంటనే డాక్టరుకి చూపించు. అందాకా కండోములు వాడుకోండి."

"అంటే ఆయనకి చెప్పాలిగా! పిల్లలంటే పడిచస్తాడు. నాకేమో సూపర్‌వైజర్ పరీక్ష ఉంది."

"చెప్పు మరి. నా దగ్గర గడగడా వాగుతున్నావుగా!"

"ఊరు మొత్తానికీ మీదొక్కటే షాపా ఏంటి?" అంటూ విసురుగా వెళ్లిపోయింది. ఆ రోజు పిన్నికి అన్నం సయించలేదు. ఇంకో షాపువాడు ఏమీ అడక్కుండా ఇచ్చేస్తే?

మూడో రోజు ఆ అమ్మాయి మొగుడొచ్చాడు. వెల్డింగు పనివాడు. దూది కొన్నాడు, ప్లాస్టరు కొన్నాడు, దగ్గు మందు కొన్నాడు. అయినా కదలడు. చివరికి గొంతు తగ్గించాడు.

"ఇంకో రెండేళ్లు పిల్లలు వద్దనుకుంటున్నా పిన్నీ. మా ఆవిడకి తెలియకుండా నేను వాడేదేమైనా ఉందా?"

"ఉన్నది కండోమే నాయనా. తెలియకుండా ఎలా? ఆ అమ్మాయిని కళ్లు మూసుకోమంటావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "వీధిలో పిల్లలందర్నీ ఎత్తుకుని ముద్దాడుతుంది. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటుంది."

ఒక్క ముక్క చెబితే అంతా తేలిపోయేది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అది ఆ అమ్మాయి మాట. పిన్ని మింగేసింది.

"ఆ అమ్మాయి మనసు సంగతి నువ్వే తేల్చేస్తే ఎలా? ఇవాళే అడుగు. తను చెప్పేదంతా అయ్యేదాకా నోరు మెదపకు" అంటూ పాకెట్టు చేతిలో పెట్టింది.

వారం పాటు ఇద్దరి జాడా లేదు. గుమ్మం వైపు చూసి చూసి పిన్ని మెడ పట్టేసింది. ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసే వచ్చారు. అమ్మాయి డాక్టరు చీటీ కౌంటరు మీద పెట్టింది. ఆ మాత్రలు ఇక ముట్టుకోవద్దని రాసుంది.

"ఈయనకీ ఇప్పుడే వద్దట పిన్నీ! నేనేమో దొంగలా మింగుతూ కూర్చున్నా."

"ఒక్కసారి అడిగితే కదా!" అన్నాడు మొగుడు.

"మీరు చెప్తే కదా!"

డాక్టరు చెప్పిన పద్ధతుల్లో తమకేది నప్పుతుందో, పక్కన మనుషులున్నారన్న బెరుకు లేకుండా ఒకరి మాటకొకరు అడ్డం పడుతూ అడిగారు. పిన్ని ఒక్కొక్కటే ఓపిగ్గా విడమరిచి చెప్పింది.

వెళ్లబోతూ అమ్మాయి ఆగింది. "మా ఇద్దరి సంగతీ మీకు ముందే తెలుసు కదూ?"

"నాకేం తెలుసే? నాకు తెలిసిందల్లా మందుల పేర్లే" అంది పిన్ని, మొహం మీద గీత కదలకుండా. వాళ్లు మలుపు తిరిగాక మాత్రం అలమరా చాటుకు వెళ్లి తనివితీరా నవ్వుకుంది. ఆవిడ కన్నుమూసేదాకా ఆ జంటకు ఇంకో జవాబు దొరకలేదు.