అప్పారావు మాస్టారు రాయనన్న మాట

మొన్న భవానీపూర్‌లో జిరాక్స్ దుకాణం ముందు నిలబడితే వేడి కాగితం వాసన తగిలి, అప్పారావు మాస్టారు గుర్తొచ్చారు. రేవు ఆఫీసులో గుమస్తాగా రిటైరై, ఆ దుకాణం పక్కనే బల్ల వేసుకుని, కోల్‌కతాలోని మా శ్రీకాకుళం వాళ్లకు పాస్‌పోర్టు, వీసా ఫారాలు నింపేవారు. నా పెళ్లికి ముందే పక్కన కూర్చోబెట్టుకుని నాకు ఆ పని నేర్పింది ఆయనే. నలుగురిలో నన్ను అవమానించిందీ ఆయనే. రెండోది నేను మరిచిపోలేదు.

అప్పటికి పద్మకూ నాకూ గుళ్లో పెళ్లయి నాలుగు నెలలు. రిజిస్టరు చేయించలేదు, మా వాళ్లలో ఎవరు చేయిస్తారు? కెనడాలో నర్సుగా ఉన్న మా అత్తగారికి అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి వస్తోంది. పెళ్లికాని కూతుర్ని కూడా తీసుకెళ్లవచ్చు. పద్మ ముందు వెళ్లి, తర్వాత నన్ను పిలిపించుకుంటుందని నా లెక్క.

పద్మను వెంటబెట్టుకెళ్లి, "పెళ్లవనేదని రాసీండి మాస్టారూ" అన్నాను.

"మరి నువ్వేటవుతావురా ఆ పిల్లకి? పక్కింటోడివా?"

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పక్కనే టీ కొట్టు నడిపే బెంగాలీ పెద్దాయన కూడా.

"కాగితం నేదు గదండీ."

"కాగితం నేకపోతే మొగుడు నేనట్టేనేటి? నిజం రాస్తే ఈ దారి మూసుకుపోతాది, ఒప్పుకుంటాను. ఇంకోటి ఎతుక్కోవచ్చు. అబద్ధం రాస్తే రేపు నిన్ను పిలుసుకోడానికి ఆ పిల్లకి నోరుండదు. నాను రాయను."

ఫారం నా వైపు తోసేశారు. "ఇంకోపాలి ఆలోసిద్దాం" అంది పద్మ. నేను వినలేదు. సాల్ట్ లేక్‌లో ఒక ఏజెంటు నేను చెప్పినట్టే రాసిచ్చాడు.

పద్మ వెళ్లింది. రెండేళ్లకు నా కోసం దరఖాస్తు పెడితే తిరస్కరించారు. కెనడాలో దిగిన రోజున భర్త ఉన్నాడని చెప్పలేదు కాబట్టి, ఇప్పుడు ఆ భర్తను పిలిపించుకునే హక్కు లేదట. ఆమె అనుమతి మీద కూడా విచారణ మొదలైంది. సిగ్గు చంపుకుని మాస్టారి దగ్గరకు వెళ్లాను. దెప్పిపొడుస్తారని దారిలోనే జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆయన మాత్రం టీ తెప్పించి, దయ చూపమని అక్కడి అధికారులకు నా పేరు మీద రెండు పేజీల అర్జీ రాశారు. అందులో ఒక వాక్యం: పెళ్లి దాచమని నా భార్యను ఒత్తిడి చేసింది నేనే.

"ఇది తీసీండి."

"అదే గదరా ఆ పిల్లని కాసేది."

"మరి నా పరువో?"

ఆయన పెన్నుకు మూత పెట్టేశారు. "పరువు నీ కాడే ఉంటాది బాబూ. పిల్లే అక్కడుంది."

ఆ మాటకూ కోపమొచ్చింది. సంతకం పెట్టకుండా లేచిపోయాను. మూడేళ్లు ఆ వీధిలో అడుగు పెట్టలేదు. ఆ మధ్యలోనే ఆయన పోయారు. చూడటానికి కూడా వెళ్లలేదు. పద్మ విచారణలో తప్పంతా తనదేనని ఒప్పుకుంది. ఎలాగో అనుమతి నిలబడింది. నా కోసం మళ్లీ ఏదైనా దారి చూడమని ఫోన్లో అడిగాను.

"సూడను. ఒకపాలి నీకోసం అబద్ధమాడేను. ఇంకోపాలి నీకోసం నిజం దాసేను. ఇంక సాలు" అంది.

ఇప్పుడు మా వాళ్లకు నేనే ఫారాలు నింపుతున్నాను. భార్యాభర్తలు వస్తే మొగుడు చెప్పేదంతా వింటాను. తర్వాత అతన్ని టీకి పంపించి, "నువ్వేటంటావమ్మా?" అని ఆమెనడుగుతాను. ఆ రోజు మాస్టారైనా పద్మను అలా అడగలేదే అని ఆయన మీద నాకింకా కోపం. అడగవలసింది ఆయన కాదు.