వెనక చేత్తో ముట్టడం

జ్యోతిరాణికి కరెంటు అంటే మొదట ఒక చప్పుడు. బోధన్ పక్క పల్లెలో, చెరకు తోటల అంచున, ట్రాన్స్‌ఫార్మర్ పొద్దంతా నిద్రపోయే పిల్లిలా గుర్రుమనేది. ఎండాకాలంలో ఉన్నట్టుండి ఆ గుర్రు ఆగేది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే కిందికి దించి, ట్రాక్టరులో వేసుకుని, జబ్బు మనిషిని తీసుకెళ్తున్నట్టు బోధన్ రిపేరు షెడ్డుకు తీసుకెళ్లేవారు. అది తిరిగొచ్చేలోగా పొలం నెర్రెలు విచ్చేది.

పెద్దయ్యాక నిజామాబాద్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతూ, ఆగిపోయే ఆ గుర్రు మీదే ఆమె పరిశోధన మొదలుపెట్టింది. కరెంటును ఎంతవరకు నమ్మవచ్చు, అది ఎక్కడ తెగుతుంది, ఎందుకు తెగుతుంది. తన ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కే కొలిచే మిషను బిగించింది. కారణం దొరికింది. ప్రతి మోటరుకూ ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు పోయి రాగానే, మనిషి చెయ్యి పడకుండానే, ఊరి మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆ బరువుకే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతోంది.

"ఆటోలు తీసేయుండ్రి. ఎవరి మోటరు వాళ్లు చేత్తో పెట్టుకోండ్రి, ఒకరెనుక ఒకరు" అంది ఊరివాళ్లను కూర్చోబెట్టి.

"మంచిగ జెప్పినవు. పొద్దుమాపు బాయికాడికి నడుసుడు ఎవల కాళ్లు బిడ్డా, నీయా?" పక్క పొలం భీమన్న అనగానే అందరూ నవ్వారు.

అప్పుడు ముత్యం లేచాడు. జ్యోతిరాణి తండ్రికి అన్న. "కల్లు కాడికి నడుస్తలేవా భీమా? గవే కాళ్లు!" అని, అందరినీ తన పొలానికి తీసుకెళ్లి, స్టార్టర్ డబ్బాలోంచి ఆటోను ఊడబీకి ఆమె అరచేతిలో పెట్టాడు. "మా రాణి జెప్పినంక ఇంకోమాట లేదు." ఆ తర్వాత ఒక్కొక్కరూ తీశారు.

ఆ ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు. నిజామాబాద్‌లో ఆమె కంప్యూటరు మీద ఊరి కరెంటు గీత తెల్లవారుజాము కాలువలా నెమ్మదిగా పారింది.

ముసురు పట్టిన ఒక ఉదయం కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. అంత చిన్న అంతరాయాన్ని ఆమె లెక్క పట్టించుకోదు. మోటరు ఆగడానికి మాత్రం రెప్పపాటు చాలు. ముత్యం మడిలోంచి తడి కాళ్లతో డబ్బా దగ్గరికి వెళ్లాడు. ఇనుప డబ్బాలోకి కరెంటు దిగి ఉంది. దాన్ని భూమిలోకి పంపవలసిన ఎర్తింగు తీగ ఎప్పుడో తెగిపోయింది. భీమన్న చూసేసరికి ఆయన వేళ్లు డబ్బా పిడిని చుట్టుకునే ఉన్నాయి.

జ్యోతిరాణికి మింగుడుపడనిది ఆ వేళ్లే. చిన్నప్పుడు తనకు నేర్పింది ఆయనే. "ముందుగాల ఎనుక చేత్తోని ముట్టి సూడాలె బిడ్డా. కరెంటుంటే చెయ్యి ముడుసుకుంటది, ఇడుస్తది. లోపలి చేత్తోని పడితే ఇడువది."

ముత్యం దినాల నాడు భీమన్నను అడిగింది. "కాకా, పెద్దబాపు ముట్టి సూడకుండ పట్టడు గదా?"

"ముట్టి సూసుడు మానేసిండు బిడ్డా. నేను జెప్తనే ఉన్న. 'ఊకోరా, మా రాణి మిషిను వెట్టి కరెంటును మంచిగ జేసింది, ఇగ గది కరువది' అంటుండె. నవ్వుకుంటనే అంటుండె."

అతని గొంతులో నింద లేదు. ఉంటే ఆమె దాన్నైనా పట్టుకుని నిలబడేది.

ఆ ఉదయపు గీతను మళ్లీ మళ్లీ చూసింది. ఎక్కడా తెగలేదు. ఒక మనిషి గుండె ఆపడానికి చాలినంత కరెంటు, ట్రాన్స్‌ఫార్మర్‌కు చీమ నడిచినంత కూడా కాదు. ఎర్తింగు గురించి తాను ఒక్కసారైనా అడగలేదు. ఫోనులో పరిశోధన గైడు మెత్తగానే అన్నాడు. "అది మోటరు దగ్గరి లోపమమ్మా. సరఫరా ఆగలేదు కదా, మన లెక్కలోకి రాదు." ఆయన తప్పు చెప్పలేదు. ఆమె రాసిన పేజీలన్నీ అదే చెబుతున్నాయి.

యాసంగి నాట్లకు ముందు ఊరికి వెళ్లి, పెద్దబాపు మోటరుకు కొత్త ఎర్తింగు వేయించింది. అప్పటికే ఊరంతా, డబ్బా ముట్టడానికి భయపడి, ఆటోలు మళ్లీ పెట్టుకుంది. పెద్దమ్మ విమలమ్మ గట్టు మీదే ఆగిపోయింది.

"రా పెద్దమ్మా, నువ్వే పెట్టు. మంచిగ జేయించిన. ఇగ ఏం గాదు."

"గాయన గూడ గిదే అన్నడు రాణీ."

జ్యోతిరాణి సంచిలో చెయ్యి పెట్టింది. ముత్యం తన అరచేతిలో పెట్టిన ఆటో ఇన్నాళ్లూ ఆ సంచిలోనే ఉంది. వేళ్ల వెనక వైపుతో డబ్బాను తాకింది. చల్లగా, వట్టి ఇనుములా ఉంది. స్తంభం దగ్గర లైను ఆపి, ఆటోను బిగించి, మళ్లీ కలిపింది.

కాసేపటికి కరెంటు పోయింది. వచ్చింది. చెరకు తోటల అవతలిదాకా మోటర్లన్నీ ఒక్క ఊపున లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రు మూలుగులా మారి, కష్టంగా సర్దుకుంది. వేసవిదాకా ఓర్చుకోదని ఆమెకు తెలుసు.

"నీళ్లు వడ్డయి" అంది విమలమ్మ. డబ్బాకు దూరంగా, చుట్టు తిరిగి మడిలోకి దిగింది.